కుంటి తెర

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వు వచ్చేది. కొత్తపేటలో ఒక పంతులుగారి పుస్తకాల గదిలో కూర్చుని, ఎవరూ నేర్పకుండానే అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను. అక్కడి తాటాకు గ్రంథాలూ, చెన్నపట్నం నుంచి వచ్చిన అచ్చుపుస్తకాలూ ఒక్కటి వదలకుండా చదివాను. భయపడ్డ మనసు లేనిదాన్ని కూడా చూస్తుందని నాకు తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా మేనమామది వీధి భాగవతుల మేళం. అందులో నేను చెయ్యని పని లేదు. మీసాలు రాకముందు జడ కట్టి ఆడవేషం వేశాను. తర్వాత తాళం వేశాను, వంత పాడాను, పాటలకు నకళ్ళు రాశాను. పడవలు మాట్లాడటం, ఊళ్ళలో ఆటలు కుదర్చడం కూడా మెల్లగా నా మీదే పడింది.

వేషం వచ్చేముందు ఇద్దరు మనుషులు తెరగుడ్డను చెరో కొసా పట్టుకోవాలి. మేళానికి పెద్ద అయినా మావయ్య ఎడమ కొస ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పొట్టి మనిషి. చేతులెత్తి పట్టినా అటువైపు తెర వాలేది, ఆయన తల కనిపించేది కాదు. వేషగాడు వెళ్ళాల్సిన వేళకు తెరను లోపలికి ఒక్క గుంజు గుంజేవాడు. "కుంటి తెర వచ్చిందర్రోయ్!" అని జనం ముద్దుగా ఏడిపించేవారు.

ఆయన పోయాక మేళం నా చేతికి వచ్చింది. మొదటి ఆట ఆలమూరులో, మాకు ఏటా ఆట ఇచ్చే పెద్దింట్లో. ఆ ఇంటి ముసలమ్మగారికి దీపాల వెలుగులో చూపు ఆనదని పట్టపగలే పెట్టమన్నారు. ఆట చెడితే ఆ పిలుపు ఇంకో మేళానికి పోతుంది. మావాళ్ళంతా పార పట్టుకుని కొత్త కాలవల తవ్వకానికి పోవలసిందే.

రాణి వేషం మావయ్య కొడుకు పాపయ్యది. తండ్రి లేకుండా ఆడటం అదే మొదలు. నేను తెర ముందు నిలబడి ప్రవేశం పాట పాడాను. పాపయ్య రాలేదు. మళ్ళీ ఎత్తుకున్నాను. జనంలో గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు చూశాను. ఎడమవైపు తెర వాలి ఉంది. అంచు మీద వేళ్ళు కనిపిస్తున్నాయి, తల లేదు. పగటి ఆట కాబట్టి కాగడా పట్టే సోముల్ని అక్కడ పెట్టాను. తాడిచెట్టంత మనిషి. వంగి పట్టుకున్నాడు కాబోలని ఒళ్ళు మండింది.

"అదిగో, కుంటి తెర!" అని ముసలమ్మగారే నవ్వారు.

మరుక్షణం తెర లోపలికి ఒక్క గుంజు పడింది. పాపయ్య వచ్చాడు. అంత బాగా వాడు అంతకుముందెప్పుడూ ఆడలేదు. పై ఏటి పిలుపు అక్కడికక్కడే ఖాయమైంది.

ఆట అవగానే సోముల్ని నిలదీశాను. "ఏంటోయ్, అంత పొడుగుండి తెర వాల్చేసేవు?"

"నేనెక్కడ పట్టేనండీ బాబూ! పాపయ్యగారి గజ్జెల తాడు తెగిపోతే కాళ్ళకాడ కూకుని కడతన్నానండి. మీరే ఇంకెవర్నో పెట్టేరనుకున్నాను."

పాపయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "ఆడలేనని చెప్పేద్దామనుకున్నాను బావా. ఈలోగా తెర గుంజేరు. అచ్చం నాన్నగారిలాగే."

"తలెత్తి చూడలేదా?"

"లేదు. చూస్తే వెళ్ళిపోతారేమోనని."

కుడి కొస పట్టినతను నా సైగ కోసం నావైపే చూస్తున్నాడట, గుడ్డ బిగువుగానే ఉందన్నాడు. గాలికి వేళ్ళుండవు. చూడవచ్చినవాళ్ళెవరైనా సాయం పట్టారేమోనని ఊరంతా అడిగాను. మేం కాదన్నారు. పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను, ఏమీ తేలలేదు.

ఇప్పటికీ ఎవరెక్కడ నిలబడాలో చెప్పేది నేనే. ఎడమ కొస సోములుదే. కొంచెం ఎడంగా నిలబడమని మాత్రం చెబుతాను, పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి. ఎందుకని వాడెప్పుడూ అడగలేదు.