కూరలో వెంట్రుక

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటామె పొయ్యి వెలిగించే ముందు, అద్దం వైపు చూడకుండానే తలకు గుడ్డ బిగించి కట్టుకుంటుంది. కీళ్ల జబ్బుకు మాత్రలు మొదలుపెట్టాక వేళ్లు వంగుతున్నాయి, గరిటె పట్టుకోగలుగుతోంది. జుట్టు మాత్రం దువ్వెన పెడితే చాలు, కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తోంది. డాక్టరుకు మొరపెట్టుకుంటే, "ప్రాణం మీదికి రాలేదు కదమ్మా, సంతోషించు" అన్నాడు. అప్పటినుంచి ఆమె గిన్నెలు దించే చప్పుడే మారిపోయింది. ఓదార్చబోయిన చెల్లెలిని కూడా, "అంత జడ ముందుకేసుకుని నాకు నీతులు చెప్పకే" అని కసిరింది.

ఒక మధ్యాహ్నం మేనేజరు కూరలోంచి వెంట్రుక తీసి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదెవరిదో?"

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆమె తలగుడ్డ లాగేసింది. మాడు కనిపిస్తున్న ఆ తలను చూసి నవ్వులు ఆగిపోయాయి.

"నాదే సార్. మాత్ర మింగితే జుట్టు నిలవదు, మానేస్తే చేతిలో గరిటె నిలవదు. మీకేది కావాలో చెప్పండి."

మేనేజరు తల దించుకుని, "సరేలే, ముందు గుడ్డ కట్టుకో" అని గొణిగాడు. ఆమె కట్టుకుంది, చేతులు కడుక్కుంది, మరో కంచంలో వేడి కూర వడ్డించి ఠక్కున అతని ముందు పెట్టింది. అతను మొదటి ముద్ద మింగేదాకా అక్కడినుంచి కదల్లేదు.