వాసన లేని గాలి

స్టీలు పాల ట్యాంకులు తయారుచేసే షెడ్డులో ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. వెల్డింగులో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన వేసిన అతుకు మీద వేలు రాస్తే ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఆ పని తమ్ముడికొక్కడికే నేర్పాడు. తమ్ముడికి నోరు ఊరుకునేది కాదు, మాస్కు లోపల కూడా పాడుకుంటూనే ఉండేవాడు.

స్టీలు అతికేటప్పుడు మంట చుట్టూ ఆర్గాన్ వదులుతారు. అది దేనితోనూ కలవదు, కరిగిన లోహానికి గాలి తగలనివ్వదు. రంగూ వాసనా ఉండవు. గాలికన్నా బరువు కాబట్టి గుంటలో నీళ్ళలా అడుగున చేరి, పీల్చే గాలిని పైకి నెట్టేస్తుంది. పాత గ్రీకు భాషలో ఆ పేరుకి సోమరి అని అర్థమని ఒక ఇంజినీరు చెప్పాడు.

"అయితే వదిన నాకు పెట్టిన పేరే," అన్నాడు తమ్ముడు.

ఒకరోజు అందరూ భోజనాలకి లేచినప్పుడు ఆర్గాన్ గొట్టం ట్యాంకులోనే ఉండిపోయింది. వాల్వు పూర్తిగా బిగుసుకోలేదు. తమ్ముడు అందరికన్నా ముందు తిరిగొచ్చి, లోపల మరిచిపోయిన చేతి తొడుగుల కోసం నిచ్చెన దిగాడు. పెద్దాయన వచ్చి వంగి చూసేసరికి అడుగున ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

పెద్దాయన ఒక కాలు లోపల పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. వాల్వు కట్టేసి, ఫ్యాను గొట్టం లోపలికి దించి గాలి కొట్టించాడు. నడుముకి తాడు కట్టించుకుని అప్పుడు దిగాడు. పైకి తెచ్చేసరికి తమ్ముడిలో ప్రాణం లేదు.

నెల గడిచాక తమ్ముడి భార్య అడిగింది. "మీరు వెంటనే ఎందుకు దిగలేదు బావగారూ?"

"దిగబోయాను. దిగితే నేనూ అక్కడే పడిపోతానని తెలుసు. తెలిసే ఆగానమ్మా."

పోయేటప్పుడు తన భర్త బాధపడ్డారా అని ఆమె అడిగింది. లేదనీ, ఆ గాలికి ఉక్కిరిబిక్కిరి ఉండదనీ, రెండు మూడు ఊపిరులకే తెలివి తప్పుతుందనీ చెప్పాడు పెద్దాయన. అది నిజమే. ఆమె నమ్మిందో లేదో ఆయనకి తెలియలేదు.

పెద్దాయన మళ్ళీ వెల్డింగు టార్చి పట్టలేదు. యజమానితో పోట్లాడి ఆక్సిజన్ కొలిచే మీటరు కొనిపించాడు. పన్నెండేళ్ళు ట్యాంకుల మూతి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, మీటరు చూడందే ఎవరినీ దిగనివ్వలేదు. కుర్రాళ్ళు విసుక్కున్నా వినిపించుకోలేదు.

మరదలు కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ప్రతి ఆదివారం ఆయనే ఫోను చేసేవాడు. "బాగున్నాం బావగారూ," అనేది మర్యాదగా. ఆ పైన మాట పెంచేది కాదు.