నా పేరు మీద జరిగిన వ్రతం

మీ పేరు చెప్పి ఈ ఊళ్ళో ఎవరెవరు ఏమేం మాట్లాడుతున్నారో మీకు తెలుసా? నాకు తెలుసనే నేనూ అనుకున్నాను. దేవుడి తరఫున మాట్లాడే అధికారం మీకెవరిచ్చారని పూజారుల్ని నాందేడ్ సభల్లో నిలదీసినవాణ్ణి. నా తరఫున మాట్లాడే మనిషి సంగతి చూసుకోవాలని మాత్రం తోచలేదు.

ఆ మనిషి నా బామ్మర్ది. స్టేషన్ దగ్గరి హాలును నా సభలకు బుక్ చేయడం, మైకు, కుర్చీలు మాట్లాడడం ఏళ్ళ తరబడి అతని పని. నేను వేదిక మీద మానవ విముక్తి గురించి మాట్లాడేవాణ్ణి, అతను హాలు యజమానితో ఫ్యాన్ల గురించి మాట్లాడేవాడు. ఫలితం వెంటనే కనిపించింది అతని మాటలకే.

తర్వాత అతనికి భక్తి కుదిరింది, మా ఇద్దరికీ చెడింది. ఒక సాయంత్రం మా ఇంట్లో, ఇకపై నా తరఫున ఎవరితోనూ మాట్లాడొద్దని అతనికి గట్టిగా చెప్పాను. మంచి ఉపన్యాసం. శ్రోతలు అతనూ నా భార్యా. ఆమె మధ్యలోనే కుక్కర్ దించడానికి లేచిపోయింది.

కొన్నాళ్ళకు కిన్వట్ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పురోహితుడు లేకుండా, ముహూర్తం చూడకుండా పెళ్ళి చేసుకుంటానని ఇంట్లో పోరాడి గెలిచిన పిల్ల. ఏ చిన్న అడ్డంకి వచ్చినా అది ముహూర్తం చూడనందుకేనని ఆమె మేనమామ ముందే చెప్పి పెట్టాడట. ఆదివారం పెళ్ళికి హాలు నేను చూసుకుంటానని మాటిచ్చాను. నా పేరు చెబితే దొరకని హాలా అన్న ధీమాతో, పెళ్ళి పత్రికలు పంచేశాక గానీ హాలు యజమానికి ఫోన్ చేయలేదు.

"ఐతారం మీ పేరు మీదనే ఉన్నది గద సార్. మీ బామ్మర్ది అచ్చి చెప్పిపోయిండు. అరటి పిలకలు గూడ కట్టిస్తున్న."

అరటి పిలకలు ఎందుకని అడిగాను.

"సత్యనారాయణ వ్రతానికి. మస్తు మారిండ్రు సార్ మీరు."

అతన్ని ఎప్పుడో తీసేశానన్నాను. ఆ ముక్క తనకెప్పుడు చెప్పారని అడిగాడు.

నా పక్షాన ఉంటుందనే ఆశతో వకీలు స్నేహితురాలి దగ్గరికి వెళ్ళాను. ఏజెంటు తన అధికారం మేరకు చేసింది అతన్ని పెట్టుకున్నవాడు చేసినట్టేనని ఆమె మొదలుపెట్టింది. తీసేసిన సంగతి అతనికి తెలిస్తే చాలదు, బయటివాళ్ళ విషయంలో వాళ్ళకు తెలిసినప్పటి నుంచే అది చెల్లుతుంది. బామ్మర్దితో నేను తేల్చుకోవచ్చు, కానీ హాలు యజమాని ముందు ఆ వ్రతం నాదే. అయితే హాలు ఉంచుకుని వ్రతం వద్దంటానన్నాను. ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలంది. చూస్తూ ఊరుకున్నా ఒప్పుకోలు కిందికి రావచ్చని హెచ్చరించింది.

"పూజారికి దేవుడు అధికారమియ్యలేదంటరు. మీ బామ్మర్దికి మీరే ఇచ్చిండ్రు, అది ఊరంత చూసింది."

ఇక బామ్మర్ది కాళ్ళావేళ్ళా పడడమే మిగిలింది.

"మీ తరఫున మాట్లాడొద్దంటిరి గద బావా. ఇప్పుడు హాలాయనతోని ఎట్ల మాట్లాడాలె?"

నా పేరు చెబితే హాలు తొందరగా దొరుకుతుందని వాడుకున్నాడట. కాసేపు ఆడించి, మధ్యాహ్నానికల్లా వ్రతం ముగించి పెళ్ళికి హాలు ఖాళీ చేస్తానని ఒప్పుకున్నాడు.

ఆదివారం పెళ్ళికి టీచరమ్మ మేనమామ ముందే వచ్చాడు. గేటు దగ్గర బోర్డు మీద వ్రతం, కింద నా పేరు. నా చేతులు పట్టుకుని, నాస్తికుడైనా పూజ చేయించాకే పెళ్ళి జరిపిస్తున్నాడని అందరికీ వినబడేలా మెచ్చుకున్నాడు. పెళ్ళికూతురు నా వైపు చూసింది. ఇంట్లో ఆమె గెలిచిందంతా ఆ మెప్పులో కొట్టుకుపోతోంది. వకీలు హెచ్చరిక గుర్తుంది. అయినా అన్ని సభలు గెలిచిన నా నోరు పెగలలేదు.

ఆమే ముందుకొచ్చింది.

"మామా, పొద్దుగాల పూజ సార్ పేరు మీద అయింది. గది నా పెండ్లి కోసం గాదు. నా పెండ్లికి పూజ లేదు, ముహూర్తం లేదు. నా తరఫున నేనే చెప్తున్న."

మేనమామ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాడు. దండలు మారాయి.

మర్నాడు మైకు షాపుకూ కుర్చీల దుకాణానికీ వెళ్ళి, బామ్మర్ది ఇక నా మనిషి కాదని చెప్పాను. ఇద్దరూ బాధపడ్డారు. ఇకమీదట నాతో మాట్లాడాలా అని.

మీరు ఎవరినైనా మీ పనుల నుంచి మాన్పించి ఉంటే, అతని మొహం మీద చెప్పామని సంతోషించకండి. మీ పేరు నమ్మి అతనితో వ్యవహరించిన ప్రతి ఒక్కరికీ ఇవాళే చెప్పండి. ఇది పక్కన పెట్టి ఫోన్ తీయండి.