వెస్ట్రీలో పెట్టిన పాటలు

సాల్మన్‌రాజు గురించి మా సంఘంలో ఎవర్ని అడిగినా "మంచోడు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పేరు కోసం వాడు ఏం పోగొట్టుకున్నాడో అనేవాళ్ళందరికీ తెలుసు. తెలిసే అంటారు.

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురు సందులో వాడికి ఇంటర్నెట్ సెంటరు ఉండేది. కూతురి పేరు మీద షైని నెట్ సెంటర్ అని బోర్డు పెట్టాడు. రెండువేల నాలుగు, అయిదు ఆ ప్రాంతంలో ఇంటర్ ఫలితాలు చూసుకోవడానికి రావికమతం నుంచి, కోటవురట్ల నుంచి పిల్లలు వచ్చి ఆ సందంతా నిండిపోయేవారు. వాడు చేతులు రుమాలుతో తుడుచుకోకుండా కీబోర్డు ముట్టడు. గొంతెత్తి మాట్లాడడు. పెద్దలు కూర్చోమంటే కూర్చుంటాడు, లెమ్మంటే లేస్తాడు. వాడి సుగుణాలన్నిటిలోకీ నాకు గిట్టనిది ఆ చివరిదే.

వాడిని పెంచింది మేనత్త జ్ఞానమణమ్మ గారు. ఆవిడ బైబిలు ఉమన్. చంకలో సంచీ, చేతిలో గొడుగుతో ఊరూరూ నడిచి వాక్యం చెప్పిన మనిషి. నాట్లు వేసే ఆడవాళ్ళ పక్కన గట్టు మీద నిలబడి, వాళ్ళ నాట్ల పాట బాణీలోనే యేసు కథ అందుకునేది. ఆ పాటలు మా పాటల పుస్తకంలో లేవు. మొదట్లో నమ్ముకున్న ముసలమ్మలు పొలంలోనే కట్టుకుని, పొలంలోనే పాడుకున్నవి. వాళ్ళందరూ పోయారు, ఈవిడ మిగిలింది. పాదిరిగార్లకి అవి మోటు పాటలు. నేను గుడిలో హార్మోనియం వాయిస్తాను కాబట్టి చెప్తున్నాను, ఆవిడ పాడుతుంటే నా వేళ్ళు వెనకబడేవి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నాలు నేనూ సాల్మన్‌రాజూ, గుడిలో ఫ్యాన్ల చప్పుడు పడకూడదని అన్నీ ఆపేసి, చెమటలు కారుతుండగా ఆవిడకు గుర్తున్న పాటలన్నీ పాడించి కంప్యూటర్లోకి ఎక్కించాం.

"ఏరా, నా పాట ఆ డబ్బాలోకి ఎల్లిపోనాదా?" అనేది ఆవిడ.

"ఎల్లిపోనాదత్తా. ఇంటర్నెట్‌లో పెడతాను. ఢిల్లీలో ఉన్నోళ్ళు కూడా ఇంటారు."

"ఢిల్లీ వోళ్ళకి నాట్లేటి తెలస్తాయిరా?" అని ఆవిడ పళ్ళు లేని నోటితో నవ్వేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. అక్కడితో ఆవిడ పాట అంటే మేం పట్టిన ఆ రికార్డింగులే.

సాల్మన్‌రాజు సంఘం పేరు మీద వెబ్‌సైటు తయారుచేసి పాటలన్నీ అందులో పెట్టాడు. ముందు ఉచితంగా చోటిచ్చే హోస్టింగులో పెట్టాడు. ఉచితమంటే ఊరికే ఇవ్వరు కదా, పేజీ మీద వాళ్ళ ప్రకటనలు వేసుకుంటారు. జ్ఞానమణమ్మ గారి ఫొటో నెత్తిన పేకాట ప్రకటన వచ్చి కూర్చుంది. సంఘ కార్యదర్శి దావీదు మేస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, అది చూసి కళ్ళజోడు తీసేసి, అక్కడికక్కడే ఆ పేజీ మొత్తం తీయించేశారు. ఆయనకి కోపం రావడంలో తప్పులేదు, నాకూ వచ్చింది.

వెంటనే కమిటీ కూడింది. గుడిలో పాటలు పాడే క్వయిరు తరఫున నేనూ కూర్చున్నాను. వెబ్‌సైటు పెట్టడానికి ఎన్ని రకాల చోట్లుంటాయో చెప్పమన్నారు. వాళ్ళకి అర్థం కావాలని సాల్మన్‌రాజు ఇళ్ళ భాషలో చెప్పాడు. ఉచితం అంటే సత్రం అరుగు. షేర్డ్ హోస్టింగు అంటే వాటాల ఇల్లు, పెద్ద కంప్యూటరు ఒకటే, అందులో తలో వాటా. సొంత సర్వరు అంటే సొంత ఇల్లు, కాకపోతే కరెంటు నుంచి కాపలా దాకా అన్నీ మనమే చూసుకోవాలి. "మనకి వాటా చాలండి. చూసుకునేవోళ్ళు ఆళ్ళే ఉంటారు, రోజూ ఇంకో కాపీ కూడా తీసి ఉంచుతారు," అన్నాడు.

"ఆ వాటాల్లో ఇంకా ఎవలుంటారు?" అన్నారు మేస్టారు.

"ఎవరైనా ఉండొచ్చండి. మనకి తెలీదు."

"బ్రాందీ కొట్టు వోడు?"

వీడు అబద్ధం ఆడితే కొంప మునిగేదా? ఆడలేదు. "ఉండొచ్చండి," అన్నాడు.

మేస్టారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. ఎందుకో మీకు తెలియాలి. గుడి కట్టుకోకముందు మా సంఘం ఏళ్ళ తరబడి ఒక బియ్యం కొట్టు వెనక అద్దె షెడ్డులో ఆరాధన చేసుకుంది. ఒక ఆదివారం పాట మధ్యలో ఆ షెడ్డు యజమాని వచ్చి, చుట్టాలొచ్చారు, గోల ఆపమన్నాడు. ఆపేశాం. ఆ రోజు నోరు మూసుకున్నవాళ్ళే ఇప్పుడు కమిటీలో ఉన్నారు. అద్దె అన్న మాట వాళ్ళకి ఇంకా పచ్చిపుండే.

"దేవుడి పాట మళ్ళీ అద్దె కొంపలోకి ఎల్లదు," అన్నారు మేస్టారు. "సొంత మిషనే పెడదాం. వెస్ట్రీలో పెడదాం."

వెస్ట్రీ అంటే బలిపీఠం పక్కన పాదిరిగారు అంగీ తొడుక్కునే గది. ప్రభురాత్రి భోజనం గిన్నెలు అక్కడే ఉంటాయి. తాళంచెవి మేస్టారి దగ్గర ఉంటుంది.

"పోనీ పాటలు ఇంకోచోట కూడా ఒక కాపీ ఉంచుదామండి," అన్నాడు సాల్మన్‌రాజు. ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగారు. నా సెంటర్లో అన్నాడు. కుర్రాళ్ళు తలుపేసుకుని ఏవేవో చూసే సెంటర్లో, సినిమా పాటల పక్కన దేవుడి పాటలా అని ఇంకో పెద్దాయన లేచారు. నేను మధ్యలో కల్పించుకుని, కాపీ ఎక్కడున్నా అది పాటేనండీ అన్నాను. క్వయిరు వాళ్ళు హార్మోనియం వాయించుకుంటే చాలు, సలహాలు అక్కర్లేదు అన్నారు మేస్టారు. చివరికి సెంటర్లో ఉన్నవి తుడిచేస్తానని సాల్మన్‌రాజు చేత ప్రార్థన మధ్యలో మాట తీసుకున్నారు.

పాటలు కొత్త మిషనులోకి ఎక్కించాక, సెంటర్లోవి వాడు నిజంగానే తుడిచేశాడు. నేను పక్కనే ఉన్నాను. "ఒరే, ఒక సీడీలో కొట్టి ఇంట్లో దాచుకోరా, ఎవడు చూస్తాడు?" అన్నాను. "ప్రార్థనలో మాటిచ్చేను కదా," అన్నాడు. చేతులు రుమాలుతో తుడుచుకుని మరీ ఆ మీట నొక్కాడు. వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది.

వెస్ట్రీలో కంప్యూటరు పెట్టి, ఫోన్ లైను లాగి, ప్రతిష్ఠ ఆరాధన చేశారు. స్త్రీల సమాజం వాళ్ళు దానికి తెల్ల దారంతో క్రోషియా అల్లిన ముసుగు కుట్టుకొచ్చారు. బలిపీఠం మీది గుడ్డకి ఏమాత్రం తీసిపోదు. గాలి ఆడదమ్మా అని సాల్మన్‌రాజు తీసేసేవాడు. దేవుడి వస్తువు బోసిగా ఉంటే ఏం బావుంటుందని వాళ్ళు మళ్ళీ కప్పేవారు. కరెంటు పోతే సైటు ఉండదు, వస్తే ఉంటుంది. బయటి ఊళ్ళ వాళ్ళు తెరుచుకోవడం లేదంటే, మనది మనకుంది చాలు అనేవారు మేస్టారు.

ఆ రోజుల్లో ఒక్కటే నాకు బాగుండేది. ఆదివారం ఆరాధన అయిపోయాక సాల్మన్‌రాజు అత్తని చెయ్యి పట్టి వెస్ట్రీలోకి నడిపించి, కుర్చీ వేసి, ఒక పాట పెట్టేవాడు. ఆవిడ గొంతు ఆవిడే వినేది. పెదాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు. మంచి చేత్తో ఒళ్ళో తాళం వేసుకునేది. ఆ కాసేపూ ఆవిడ పాడుతున్నట్టే ఉండేది. వారమంతా దానికోసమే బతికేదని వాడి కూతురు షైని చెప్పేది.

మే నెలలో మేస్టారు నక్కపల్లిలో కూతురింటికి వెళ్ళారు, తాళంచెవి జేబులో పెట్టుకుని. ఎండ మండిపోతోంది. వెస్ట్రీ కిటికీ మూసి ఉంది, మిషను ఆన్‌లో ఉంది, మీద ముసుగు ఉంది. మిషను కాలిపోతుంది, తాళంచెవి పంపండని సాల్మన్‌రాజు ఫోన్ చేశాడు. "వచ్చేస్తాన్లే, అంత బేగి ఏటవుతాది?" అన్నారు మేస్టారు. తాళం పగలగొడదాం రారా అని నేను గునపం కూడా తెచ్చాను. గుడి తాళం పగలగొడతామా అని వాడు తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

మేస్టారు తిరిగొచ్చి తలుపు తీసేసరికి గదంతా కాలిన వాసన. హార్డ్‌డిస్కు పట్టుకుని సాల్మన్‌రాజు విశాఖపట్నం వెళ్ళాడు. అక్కడివాళ్ళు విప్పి చూసి, లోపలి పళ్ళేలు గీసుకుపోయాయి, ఏమీ రాదని చెప్పి కవర్లో పెట్టి ఇచ్చేశారు.

"దేవుడి చిత్తం," అన్నారు మేస్టారు కమిటీలో. దేవుడేం చేశాడు పాపం, తాళంచెవి ఆయన దగ్గర లేదు కదా. ఆ మాట నేను పైకే అన్నాను. అప్పట్నుంచీ నన్ను కమిటీకి పిలవడం లేదు. ఆ తర్వాత సంఘం షేర్డ్ హోస్టింగే తీసుకుంది. పక్క వాటాలో ఎవరున్నారని ఈసారి ఒక్కరూ అడగలేదు. ఆ సైటు ఇప్పటికీ ఉంది. గుడి ఫొటో, మేస్టారి ఫొటో, కమిటీ పేర్లు ఉన్నాయి. పాటలు అన్నచోట నొక్కితే తెల్లటి పేజీ వస్తుంది.

సాల్మన్‌రాజు విశాఖపట్నం నుంచి తిరిగొచ్చాక మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, జ్ఞానమణమ్మ గారు వెస్ట్రీ వైపు చెయ్యి చూపించింది. సాల్మన్‌రాజు ఆవిడకి చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది? నడిపించుకెళ్ళి ఎప్పటిలాగే కుర్చీ వేశాడు. నన్ను హార్మోనియం తెమ్మన్నాడు. ఖాళీ బల్ల ముందు నిలబడి, రుమాలుతో చేతులు తుడుచుకుని, వాడే పాట ఎత్తుకున్నాడు.

పల్లవి పాడాడు. మొదటి చరణం ఎలాగో లాగాడు. ఆవిడ చెయ్యి ఒళ్ళో తాళం వేస్తోంది. రెండో చరణం దగ్గర వాడు ఆగిపోయి నా వైపు చూశాడు. బాణీ నాకు వచ్చు. మాటలు రావు. ఆవిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. ఆ చరణం అందిద్దామని నోరు తెరిచింది, మాట రాలేదు. తాళం మాత్రం ఆపలేదు.