ముద్దమాట

ఏ మిషనునైనా విప్పేముందు చెవి ఆనించి వింటుంది గనక ఆమెను అందరూ చెవులక్క అంటారు. మెట్ల కింద ఇరుకు గదిలో ఆమె మరమ్మతుల బల్ల. భర్త పోయాక ఆ బల్ల ముందు కూర్చుంటే "ఆడదానికి ఇదేం తెలుస్తుంది" అని మూతి విరిచినవాళ్ళ రేడియోలు కూడా ఇప్పుడు ఆ గదిలోనే గొంతు సవరించుకుంటున్నాయి.

ఒక ఉదయం కుట్టుపని చేసుకునే అమ్మాయి చక్రాల టేపురికార్డరు మోసుకొచ్చింది. రంగుల మిల్లు కార్మిక సంఘానిది.

"తిరగట్లేదక్కా. రేపటికల్లా మా నాన్న మాట్లాడాలి."

ఆ అమ్మాయి తల్లి కడుపులో ఉండగా ఆ మిల్లులో బాయిలరు పేలి, దాన్ని నడిపే తండ్రితో పాటు మరికొందరు పోయారు. ముందురోజే ఆయన సంఘం ఆఫీసుకెళ్ళి ఆవిరి వదిలే వాల్వు బిగుసుకుపోయిందని చెప్పి, ఆ మాట టేపు మీద పెట్టించాడు. బాయిలరు మనిషి తాగి పనిలోకొచ్చాడని యాజమాన్యం చేతులు దులిపేసుకుంది. ఏళ్ళ తర్వాత సంఘం ఆ టేపు వేస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. ఇంకేం, తాగుబోతని సంఘమే నమ్మేసింది. ఎల్లుండి ఆవిష్కరించే స్మారకశిలలో అందరి పేర్లూ ఉన్నాయి, ఆయనది తప్ప.

చెవులక్క మూత విప్పి, వేలు పెట్టి చూసింది. వేలికి నల్లటి బంక అంటుకుంది.

"ముద్దయింది మీ నాన్న మాట కాదే పిల్లా, బెల్టు! రబ్బరుకూ ముసలితనం వస్తుంది. ఒకటి కరిగి బంకవుతుంది. ఇదిగో, టేపును అదిమిపట్టే ఈ చక్రం ఎండి రాయైంది. పట్టు లేక టేపు జారుతుంటే, మాట సాగక ఏంచేస్తుంది?"

స్పిరిటు గుడ్డతో బంకంతా తుడిచింది. చక్రాన్ని గరుకు కాగితంతో రుద్ది మెత్తటి పొర తేల్చింది. పైపుల కొట్టులో నీటి మోటారుకు వేసే రబ్బరు రింగు తెచ్చి బెల్టుగా తగిలించింది. అది లావైంది. టేపు పరుగెత్తింది.

"అయ్యో, మా నాన్నేంటక్కా చిలకలా అరుస్తున్నాడు!"

"తాగుబోతు కన్నా చిలక నయం కాదూ? ఆగు."

సన్నది వేసి, టేపును మొదటికంటా తిప్పింది. మధ్యలోంచి వినడం ఆమెకు పడదు.

"అక్కడేం లేదక్కా, సంఘం కార్యదర్శి పెద్దాయన ప్రశ్నే. మీటింగుల్లో అది దాటేస్తారు."

"దాటేస్తారా?" చెవులక్క నవ్వింది. "అయితే రేపు దాటనివ్వను."

మర్నాడు సంఘం ఆఫీసులో కార్యదర్శి పెద్దాయన, శిల చెక్కే మనిషి, పాత కార్మికులు, చెవులక్క పక్కన కుట్టుపని అమ్మాయి కూర్చున్నారు. టేపు మొదలైంది. "చెప్పు తమ్ముడూ, ఏం జరిగింది?" కార్యదర్శి పడుచు గొంతు స్పష్టంగా పలికింది. చెవులక్క టేపు వెనక్కి తిప్పి, మళ్ళీ వేసి, తిరుగుతున్న చక్రం మీద వేలు ఆనించింది. "చె...ప్పూ... త...మ్ముడూ..." అని సాగింది ఆ గొంతే.

గది గొల్లున నవ్వింది.

"మీరు కూడా పట్టించారా అన్నా?" అంది చెవులక్క.

"నేను చుక్క ముట్టి ఎరగను!" పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఆయనా అంతే. మరి ఆయన మాట ఎవరూ నమ్మలేదేం?"

వేలు తీసేసింది. బాయిలరు మనిషి గొంతు తేటగా వచ్చింది. "వాల్వు బిగుసుకుందన్నా. సూపర్‌వైజరుకి చెప్తే, నడిచినన్నాళ్ళు నడవనీ అన్నాడు."

పెద్దాయన చెయ్యి చాపి టేపు ఆపాడు.

"ఆ రోజు నా ఎదురుగానే కూర్చున్నాడు. మామూలుగానే ఉన్నాడని నాకు గుర్తే. కానీ మిషను అబద్ధమాడదు కదా అనుకున్నా."

"మిషన్లు అబద్ధమాడవన్నా, అరిగిపోతాయి. ఎవరు అరగనిచ్చారో అది అడగాలి. ఆ వాల్వునైనా, ఈ బెల్టునైనా."

కుట్టుపని అమ్మాయి శిల చెక్కే మనిషి వైపు తిరిగింది. "మా నాన్న పేరు చెక్కండి."

"జాగా లేదమ్మా."

"అడుగున నా పేరుంది కదా, ఆవిష్కర్త అని," అన్నాడు పెద్దాయన. "దాన్ని చెరిపెయ్."

"చెరిపితే గుంట పడుద్ది సార్."

"పడనీ. ఆ గుంటలోనే చెక్కు."