మిసెస్ ప్లమ్లీ పెళ్లి ప్రకటన

యార్క్‌షైర్‌లో పెద్ద ఇళ్ల వంటమనిషిని, పెళ్లయినా కాకపోయినా, మిసెస్ అనే పిలుస్తారు. చేతి కింద పనిపిల్లలకు కాస్త భయం ఉండాలని. అలా డోర్కస్ ప్లమ్లీ ముప్పైయేళ్లకే మిసెస్ ప్లమ్లీ అయిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొన్నాళ్లకు ఈ ఊరి బంగళాకు వంటకు వచ్చినప్పుడు, తపాలా ఆఫీసు మిసెస్ టాథమ్ జాలిగా అడిగింది: "మీ ఆయన ఫ్రాన్సులో పోయారా?"

కాదనడానికి నోరు రాలేదు. తరవాత ఆ లేని భర్తకో పేరు కూడా చెప్పాల్సి వచ్చింది. విల్‌ఫ్రెడ్ అంది.

ఇప్పుడు నలభై తొమ్మిదో ఏట, బండి చక్రాలు చేసే జాబెజ్ ఓల్‌రాయిడ్ ఆమెను చేసుకుంటానన్నాడు. అతని భార్య ఆగ్నెస్ పోయి ఏడేళ్లు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ఇద్దరి పేర్లూ అందరికీ వినబడేలా చదవాలి. పేరు పక్కన వాళ్లు ఎవరో కూడా చెప్పాలి.

"స్పిన్‌స్టర్ అనే రాస్తానమ్మా," అన్నాడు పాదిరి, ఆమె నిజం చెప్పాక. "ఒకప్పుడు నూలు వడికే ఆడదాన్ని అలా అనేవారు. ఇప్పుడు పెళ్లికాని ఆడవాళ్లందరికీ అదే మాట. పద్దెనిమిదేళ్ల పిల్లకైనా నా పుస్తకంలో అదే. అందులో తప్పేముంది?"

"పద్దెనిమిదేళ్ల పిల్లకైతే ఎవరూ నవ్వరు, అయ్యగారూ."

"విధవ అని అబద్ధం చదవలేను. ఓల్‌రాయిడ్‌కి ముందే చెప్పుకో."

శనివారం మధ్యాహ్నం అది చెప్పడానికే జాబెజ్ కొట్టుకు వెళ్లింది. దారిలో మిసెస్ టాథమ్ ఆపింది. "ఏమిటమ్మా, మొహం పాలిపోయింది? రెండోసారేగా, కొత్తపెళ్లికూతురిలా ఈ సిగ్గేమిటి!"

జాబెజ్ చక్రపు ఆకులు చెక్కుతున్నాడు. చెక్కపొట్టు దులుపుకుని స్టూలు జరిపాడు.

"మంచి సమయానికి వచ్చారు. ఆగ్నెస్ బూట్లు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి. పారేయబోతే చెయ్యి రావడం లేదు. మీకైతే తెలుస్తుంది కదా. విల్‌ఫ్రెడ్‌వి మీరేం చేశారు?"

ఆమె స్టూలు మీద కూర్చుని కొంగు సర్దుకున్నట్టు గౌను సర్దుకుంది. "ఎవరికో ఇచ్చేశాను," అంది.

చెప్పడానికి వెళ్లి ఇంకో అబద్ధం ఆడానే అనుకుంటూ ఇంటికి నడిచింది. ఆ రోజు చేసిన పులుసులో రెండుసార్లు ఉప్పు వేసింది.

ఆదివారం చర్చిలో జాబెజ్ పక్కనే కూర్చుంది. పాదిరి పుస్తకం విప్పాడు.

"జాబెజ్ ఓల్‌రాయిడ్, భార్య పోయినవాడు. డోర్కస్ ప్లమ్లీ, స్పిన్‌స్టర్. ఇద్దరూ ఈ ఊరివారే."

ముందు వరసలో ఒక టోపీ వెనక్కి తిరిగింది. ఆ తరవాత మరో మూడు. ఎవరో కిసుక్కుమన్నారు. అభ్యంతరం ఉంటే చెప్పమని పాదిరి అడిగినప్పుడు, పక్కనున్న మనిషి లేస్తాడేమోనని ఆమె ఓరగా చూసింది. జాబెజ్ లేవలేదు. ఆమె వైపు చూడనూ లేదు.

బయట గోడ వార దారిలో ఆమెకన్నా రెండడుగులు ముందు నడిచాడు.

"మీరు పెళ్లికానివారైతే నాకేమిటి?" అన్నాడు చివరికి. "ఏటా నవంబరులో, యుద్ధంలో పోయినవాళ్ల కోసం రెండు నిమిషాలు టోపీ తీసి నిలబడతాం చూడండి. నేను మా తమ్ముడి కోసం ఒక నిమిషం, మీ విల్‌ఫ్రెడ్ కోసం ఒక నిమిషం నిలబడ్డాను. ఆరేళ్లు."

ఆమె దారిలోనే ఆగిపోయింది.

"ఆగ్నెస్ చివరి రోజులు పాదిరికి కూడా చెప్పలేదు, మీకు చెప్పాను. ఒకర్ని పూడ్చి వచ్చిన మనిషికి చెబుతున్నాననుకున్నాను. నేను చెబుతుంటే మీరు తల ఊపేవారు. అప్పుడు మనసులో ఏమనుకునేవారు?"

"ఏమీ అనుకోలేదు, ఓల్‌రాయిడ్ గారూ. నాకంటూ తలుచుకోవడానికి ఎవరూ లేరు. మీ ఆగ్నెస్ గురించే విన్నాను. ఆమె దగ్గినప్పుడు మీరు దిండు ఎలా ఎత్తిపెట్టేవారో అదంతా నాకు గుర్తుంది."

అతను చాలాసేపు గోడ మీది నాచు గోళ్లతో గీరాడు.

"ఇంకా రెండు ఆదివారాలున్నాయి. చదవొద్దని పాదిరితో చెప్పను," అన్నాడు. "కానీ ఆగ్నెస్ మాట కొన్నాళ్లు నన్నడక్కండి."

"అడగను."

అతను తన ఇంటి వైపు తిరిగాడు. ప్రతి ఆదివారం బంగళా వంటింటికి వచ్చి భోంచేసేవాడు, ఆ రోజు రాలేదు.