బాపు వదిలిన దారం

బాపు పోయాడన్న కబురు నాకు గోడ ఇవతలే తెలిసింది. ధూల్‌పేటలో మా ఇంటిని ఆనుకొని మూర్తులు చేసే పెద్దమ్మ దొడ్డి ఉంది. మట్టిలో కలిపే గడ్డి కుప్ప పక్కన, తడి గోనెపట్టాలు కప్పుకొని పడుకొని ఉన్నాను. పొద్దు వాలుతోంది. పెద్దమ్మ మా మిద్దె దిగి వచ్చి పట్టా అంచు ఎత్తి, "బిడ్డా, బాపు పాణం పోయిందిరా. ఇగ నువ్వు బయటికొచ్చినా ఫరక్ లేదు" అంది. నేను రాలేదు. పెంచిన మనిషి గోడ అవతల పోతుంటే నేనెందుకు దాక్కున్నానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ఆయన మిగిల్చిన పతంగి కాగితాల మీద, సిరాలో ముంచిన గోటితో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించండి.

నేను డ్రాగన్‌ను. పేటలో రెక్కల పాము అనేవారు. చార్మినార్ దిక్కు నుంచి దారం కొనడానికి వచ్చేవారు అజ్దహా అనేవారు. బాపు మాత్రం "అరేయ్" అనేవాడు, అంతే.

ఆయన పతంగులు కట్టేవాడు. ఒక ఏడు పెద్దమ్మకు చెరువు మట్టి బండిలో వచ్చింది. ఆ మట్టిలో నేనున్నాను, గుడ్డు లోపల. తొక్కుతుంటే కాలికి తగిలానట. "గిదేం రాయి, గింత వెచ్చగున్నది" అని గోడ మీదుగా బాపుకు ఇచ్చేసింది. ఆయనకు రాళ్ళతో ఒకటే పని. పతంగి కాగితాల దొంతర గాలికి లేచిపోకుండా నన్ను బరువుగా పెట్టాడు. పక్కనే మైదా జిగురు ఉడికే కుంపటి. ఆ సెగకు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గుడ్డు పగిలి బయటపడ్డాను. పడుతూనే జిగురు గిన్నె ఖాళీ చేసి, ఎర్ర కాగితాలన్నీ చింపి పెట్టాను. ఇంకెవరైనా అయితే చీపురు తిరగేసేవారు. బాపు నన్ను ఎత్తి, పతంగిని చూసినట్టు వేలి మీద నిలబెట్టి చూశాడు. "ఎడమ దిక్కు అల్కగున్నడు" అన్నాడు. అవును, నా ఎడమ రెక్క పొట్టిది.

పతంగి ఒక పక్కకు ఒరిగితే తేలికగా ఉన్న వైపు గుడ్డపీలిక కడతారు, దాన్ని కన్నీ అంటారు. బాపు లోపలికి పోయి భార్య పాత చీర చెంగు చింపి తెచ్చి నా ఎడమ రెక్క కొసకు కట్టాడు. ఆవిడ నేను రాకముందే పోయింది. పిల్లల్లేరు. ఆ చీరను అప్పటిదాకా ఎవరినీ ముట్టనివ్వలేదని పెద్దమ్మ తర్వాత చెప్పింది.

పొద్దున లేవగానే వేలు నోట్లో తడిపి గాలికి పట్టేవాడు. పని లేని రోజు కూడా అంతే. చాయ్ సాసర్‌లో పోసుకొని, సగం తాగి, మిగతా సగం నా ముందుకు జరిపేవాడు. గాజుపొడి పూసిన మాంజా దారం కోసీ కోసీ ఆయన చూపుడువేలు మీద గీతల మీద గీతలు పడ్డాయి. నాకు రెండో ఏట మొదటిసారి మంట వచ్చినప్పుడు తీగ మీద ఆరేసిన పతంగులన్నీ బూడిదయ్యాయి. నేను భయంతో కుంపటి వెనక దూరాను. బాపు ఆ బూడిదను చూసి, నన్ను చూసి, "ఓస్, గింతేనా? మా కుంపటే నయం" అన్నాడు. పెద్దమ్మ నవ్వీ నవ్వీ గోడ పట్టుకుంది.

నన్ను మొదటిసారి ఎగరేసిన సాయంత్రం నా ఎడమ కాలికి దారం కట్టాడు. మాంజా కాదు, గాజు లేని మెత్తని సద్ది దారం, ఏడు పేటలు పురి పెట్టింది. చేతిలో దారం చుట్టిన చర్ఖా. "ఎందుకు బాపూ?" అన్నాను. "ఎందుకేంది? దారం లేకుంటే ఎగిరినట్టెట్లయితదిరా?" అన్నాడు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన ఎగరేసినదానికల్లా దారం ఉంది. దారం లేకుండా ఆకాశంలో ఉన్నది తెగినది. పతంగి తెగితే పేటంతా "అఫా!" అని అరుస్తుంది. అది ఓడినవాడి మీద వేసే కేక. బాపు దారం ఊరికే లాగేవాడు కాదు. "తొందర పడకు, గాలి సంగతి చూసుకోనీ" అంటూ ఢీల్ ఇచ్చేవాడు, అంటే దారం వదులుతూ పోయేవాడు. మూసీ దాటి, పురానాపూల్ మీదుగా ఎంత పోయినా నా కాలి దగ్గర ఆయన వేలు తెలిసేది. యుద్ధం రోజులు. విమానాలు తిరుగుతున్నాయి కాబట్టి నన్ను చూసినవాళ్ళు కూడా పట్టించుకోలేదు.

మా జాతివాళ్ళు చలికాలంలో ఒకసారి, గోలకొండ వైపు నుంచి గుంపుగా ఈ ఊరి మీదుగా పోతారు. పిల్లలు మూడో చలికాలం దాటేలోపల ఆ గుంపులో కలవాలి. దాటితే రెక్క కీలు బిగుస్తుంది, ఇక దూరం పోలేరు. ఇది ఎవరూ చెప్పకుండానే మాకు తెలుసు. మొదటి ఏడు వాళ్ళు పోతుంటే, "బాపూ, దారం ఇప్పు" అన్నాను. "ఇంకా చిన్నోనివి, వచ్చే యేడు సూద్దాం" అన్నాడు. మరుసటి ఏడు మళ్ళీ అదే మాట. మూడో ఏడు గుంపులోంచి ఒక ముసలిది దిగి మా పిట్టగోడ మీద వాలింది. ఈ రోజు రాకపోతే ఇక లేదని మా భాషలో చెప్పింది. బాపుకు ఆ భాష రాదు గానీ సంగతి తెలిసిపోయింది. చర్ఖా రెండు చేతులా పట్టుకొని నిలబడ్డాడు.

"పతంగైతే తెగినా ఏదో గల్లీల పడ్తది, ఉరికి తెచ్చుకుంట. నువ్వు తెగితే నేనేడ దేవులాడాల్రా?"

ఆయన లాగలేదు. వదలనూ లేదు. ఒక్క ఊపిరి ఊదితే ఆ దారం కాలిపోయేది. ఊదలేదు. బాపు మీద ప్రేమకొద్దీ ఆగానని పెద్దమ్మతో చెప్పుకున్నాను, గొప్పగా. అబద్ధం. నేను భయపడ్డాను. ఆ ఆకాశం అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు. కాలికి దారం ఉండటం ఆ పూట నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ముసలిది వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఏడు దారం బిగువెక్కలేదు. మిద్దె మీంచి పక్క మిద్దె దాకా పోయి కూలబడ్డాను. బాపు నా రెక్క పట్టి చూసి లోపలికి పోయాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి వెదురు బద్దను సెగ చూపి వంచినట్టు నా కీలుకు నూనె రాసి దీపం సెగ చూపడం మొదలుపెట్టాడు. రోజూ, ఏళ్ళ తరబడి. నూనె వాసన ఒంటికి పట్టింది తప్ప కీలు కదలలేదు. "నేనే ఖరాబ్ జేసిన్రా నిన్ను" అనేవాడు, ఒక్కోసారి ఏడ్చేవాడు. నేను భయపడ్డానని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ముసలి గుండె మీద బరువు దిగేది. చెప్పలేదు. సిగ్గు. ఈ కాగితానికి చెబుతున్నాను, ఏం లాభం!

ఈ చలికాలానికి ఆయన కళ్ళు పూర్తిగా మసకబారాయి. దగ్గు రొమ్మును పట్టుకుంది. నిన్నగాక మొన్న పొద్దున, "మంచం మిద్దె మీదికి ఎక్కియ్యుండ్రి, గాలి మంచిగున్నది. ఆణ్ని ఇడుస్త" అన్నాడు. చర్ఖా అడిగాడు. "కొయ్యను. కోస్తే ఓడినట్టు. చర్ఖా ఖాళీ అయ్యేదాక ఢీల్ ఇస్త, పోనీ" అన్నాడు. నా ముఖం తడిమి, "రెక్క కొంచెం నయమైందిగా?" అని అడిగాడు. "మస్తు నయమైంది బాపూ" అన్నాను. పెద్దమ్మ నా వంక చూసింది. దారాన్ని మంచం పైన, పతంగులు ఆరేసే ఎత్తు వెదురు మీదుగా వేసింది, ఆయన చేతికి లాగుడు పైనుంచి తెలియాలని.

నేను రెక్కలు బాగా చప్పుడు చేసి, పిట్టగోడ దాటి, పెద్దమ్మ దొడ్లో గడ్డి మీద పడ్డాను. పడి, దారం పళ్ళతో పట్టుకొని లాగాను. గాలి ఎట్లా లాగుతుందో నాకు తెలుసు. కొంచెం ఆగి, గుంజి, వదిలి, మళ్ళీ గుంజాను. పైన చర్ఖా గిర్రున తిరగడం వినిపించింది.

"జోరున్నదే! చెల్లే, సీదా పోతుండా? ఎడమకు ఒరుగుతలేడు గదా?"

"లేదన్నా. సీదా పోతున్నడు. కన్నీ గూడ కనవడుతున్నది." పెద్దమ్మ మిద్దె మీంచి కిందున్న నన్నే చూస్తూ చెప్పింది.

దారమంతా నా మీద ఉండలు ఉండలుగా పడింది. చివరికి కొస కూడా గోడ దాటి వచ్చి పడింది. అప్పుడు బాపు కేకేశాడు, "అఫా!" అని. ఓడినవాడి మీద వేసే కేకను తన మీద తానే, గొంతు చిరిగేంత గట్టిగా, సంతోషంగా వేసుకున్నాడు. ఇక నేను పైకి పోవడానికి వీల్లేదు. పోతే ఆయనకు తెలిసిపోతుంది. ఆ పూటంతా పట్టాల కింద ఆయన దగ్గు వింటూ పడుకున్నాను. ఆయన నోట్లో చివరి మంచినీళ్ళు కూడా పెద్దమ్మే పోసింది.

ఆయన్ని పురానాపూల్ శ్మశానానికి తీసుకుపోయినప్పుడు కూడా నేను లేవలేదు. దారం ఇంకా నా కాలికే ఉంది. కొసన, ఆయన వేలికి చుట్టుకునే చోట, నా గుంజుడుకు వేలు ఒరుసుకున్న నెత్తురు మరక నల్లబడింది. గాలి వీచినప్పుడు ఆ కొస కదులుతుంది. అలవాటు కొద్దీ కాలు బిగబట్టి, అటు నుంచి లాగుతాడేమోనని చూస్తాను.